మహబూబ్ అలీ పాషా

వరద వచ్చినను, తుపాను వీచినను, భూమి కంపించినను, బాధితులను ఆదుకొనుటకు నేడు మన దేశమున ప్రధానమంత్రి జాతీయ సహాయనిధి యనునది యొకటి కలదు. 1948 జనవరిలో పండిత జవహర్‌లాల్ నెహ్రూ ప్రజలకు చేసిన విజ్ఞప్తి వలన ఇది పుట్టినది. దేశవిభజన కాలమున పాకిస్తాను నుండి కట్టుబట్టలతో తరలివచ్చిన నిరాశ్రయులకు తోడ్పడుట దాని మొదటి ఉద్దేశము. ప్రభుత్వపు ఆదాయవ్యయ పట్టికనుండి దీనికి ధనము రాదు. ప్రజలును సంస్థలును తమంతట తామిచ్చిన విరాళములే దీనికి ఆధారము.

ఇట్టి నిధి లేని దినములలో ఆపద మీద పడినవారికి దిక్కెవ్వరు? స్వదేశ సంస్థానములందు ప్రభువే దిక్కు. ప్రభువు దయాళువైనచో పట్టెడన్నము దొరకును. కానిచో దైవమే గతి. హైదరాబాదు నగరమునకు అట్టి పరీక్ష 1908 లో సంభవించెను. ఆనాటి ప్రభువు ఆసఫ్ జాహీ వంశమున ఆరవవాడైన మీర్ మహబూబ్ అలీ ఖాన్. జనులు ఆయనను మహబూబ్ అలీ పాషా యని పిలుచుకొనిరి. నేటికిని తెలంగాణపు వృద్ధులు ఆ పేరే చెప్పుదురు.

ఆయన 1866 ఆగస్టు నెలలో హైదరాబాదున జన్మించెను. తండ్రి అఫ్జలుద్దౌలా 1869 ఫిబ్రవరిలో మరణించునప్పటికి ఈ బాలునికి మూడేండ్లయినను నిండలేదు. ఉయ్యాల విడువని పసివానికి సింహాసనము లభించినది. పాలనభారమును దివాను సాలార్ జంగును, షంసుల్ ఉమ్రాయును వహించిరి. సాలార్ జంగు దక్షుడు, దూరదృష్టి గలవాడు. బాలునకు అరబ్బీ, పారసీక, ఉర్దూ భాషలతో పాటు ఇంగ్లీషు కూడ నేర్పవలెనని తలంచి ఆంగ్లేయోపాధ్యాయుని నియమించెను. ఆ వంశమున పాశ్చాత్య విద్య నేర్చిన మొదటి ప్రభువు ఈయనయే.

ఆయన బాల్యముననే దక్షిణ దేశమును మహాక్షామము పట్టి పీడించెను. తెలుగువారు దానిని ధాత కరువు అందురు. 1876 మొదలు 1878 వరకు బళ్లారి, కర్నూలు, కడప మండలములలో జనులు ఆకులలములు తిని, అవియును దొరకక, దారులవెంబడి పడి చనిపోయిరి. హైదరాబాదు సంస్థానమునందును కొన్ని జిల్లాలు దాని దెబ్బకు గురియైనవి. ఆ సమయముననే, 1877 జనవరి 1వ తేదీన, ఢిల్లీలో గొప్ప దర్బారు జరిగినది. పదేండ్ల నిజాము సాలార్ జంగుతో కూడ అచ్చటికి వెళ్లెను. ఒకవైపు ఏనుగుల ఊరేగింపులు, మరొకవైపు ఎముకల గూళ్లు! ఆ సంవత్సరమే మద్రాసు పౌరులు సభ చేసి ఇంగ్లాండు ప్రజల సహాయమును కోరగా, లండను నగరపాలకుడు చందాలు వసూలు చేయించి పంపెను. కరువునకు ప్రజలు చందాలెత్తి నిధి కూర్చుట యను పద్ధతి మన ప్రాంతమునకు అట్లు పరిచితమైనది.

1883 లో సాలార్ జంగు హఠాత్తుగా మరణించెను. మరుసటి యేడు ఫిబ్రవరి 5వ తేదీన రాజప్రతినిధి రిప్పను ప్రభువు హైదరాబాదునకు వచ్చి, పదునెనిమిదవయేట నున్న మహబూబ్ అలీ ఖానునకు పూర్ణాధికారములను ఒప్పగించెను.

ఈయన పాలనను గూర్చి రెండు విధములైన కథలు కలవు. రెండును నిజమే. ఆయన విలాసప్రియుడు. పురానీ హవేలీలోని ఆయన దుస్తుల గది నేటికిని చూపరులకు ఆశ్చర్యము గొల్పును. పొడవైన ఆ శాల కిరుప్రక్కల చెక్క అలమరలే. ఒకసారి తొడిగిన దుస్తులను మరల తొడుగుట అరుదని ప్రతీతి. వేటయన్నచో ప్రాణము. పద్యరచన యందును ఆసక్తి కలదు. ఢిల్లీ కవి దాగ్ ఆయనకు గురువు. 1891 లో జాకబు అను వర్తకుడు తెచ్చిన పెద్ద వజ్రమును గూర్చి బేరము చెడి, వ్యవహారము కలకత్తా న్యాయస్థానమున కెక్కినది. ప్రభువంతటివాడు సాక్ష్యము చెప్పవలసివచ్చెను. తుదకు వజ్రము నిజాము వద్దనే నిలిచినది. కాని ఆయనకు దానిపై మనసు విరిగెను. ఆయన మరణానంతరము అది ఒక పాత చెప్పు కొనలో దొరికెనని చెప్పుదురు. లక్షల విలువ గల రత్నమునకు అది తగిన చోటే యని నాకు తోచును.

రెండవ కథ వేరు. ఈ ప్రభువునకు ప్రజలతో చనువు మెండు. మారువేషమున రాత్రులందు వీధులలో తిరిగి, బీదసాదలను కనిపెట్టి సహాయము చేయువాడని జనశ్రుతి. పాముకాటు తిన్నవారు ఆయన పేరు తలచినచో విషము దిగునని నమ్మువారుండిరి. ఈ నమ్మకమున సత్యమెంతయని విచారింపనక్కరలేదు. పాము కరచినవారు వైద్యుని యొద్దకు పరుగెత్తవలసినదే. కాని ఏ ప్రభువు పేరును జనులట్లు తలచుకొందురో, ఆ ప్రభువును వారు తమవానిగా భావించినారని మాత్రము గ్రహింపవచ్చును. 1890 లో పాలమూరునకు ఆయన పేరిట మహబూబ్‌నగరమని నామకరణము జరిగినది. ఆయన కాలముననే, 1901 లో, హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. అయితే అది కొమఱ్ఱాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు మొదలగు భాషాభిమానుల కృషిఫలమే గాని దర్బారు చలువ కాదు. తెలుగు మాటలాడు ప్రజలు అంతమంది యున్నను, ఆ దర్బారున మన భాషకు ఆసనము లభింపలేదు.

ఇక 1908 నాటి సంగతి.

మూసీనది అనంతగిరి కొండలలో పుట్టి తూర్పుగా ప్రవహించి, ఈసీ యను మరియొక యేటితో కలసి హైదరాబాదు నడుమగా సాగును. వేసవిలో మోకాలిలోతు నీరైనను ఉండని యేరు అది. ఒడ్డున పేటలు, తోటలు, వైద్యశాల, వేలాది బీదల గుడిసెలు ఉండెడివి. ఆ యేడు సెప్టెంబరు 26వ తేదీ మొదలు వాన పట్టుకొనెను. శంషాబాదునందు 48 గంటలలో సుమారు 19 అంగుళముల వర్షము కురిసెను. ఏడాదికి కురియవలసిన వానలో చాలభాగము రెండు దినములలో కురిసినదన్నమాట.

వానయొక్కటియే ఐనచో అంత ముప్పు రాకపోవునేమో. మూసీ, ఈసీల పరీవాహక ప్రదేశమున చిన్నవి, పెద్దవి కలసి 788 చెరువులుండెను. ఎగువ చెరువు తెగినచో ఆ నీరు దిగువ చెరువుపై బడును. దాని కట్టయు తెగును. రెంటి నీరును మూడవదానిపై బడును. ఇట్లు 221 చెరువులు తెగినవి. కాకతీయుల నాటి నుండియు తెలంగాణమునకు అన్నము పెట్టిన గొలుసు చెరువులే ఆ రాత్రి గొలుసుగా తెగి నగరముపై బడినవి. సెకనునకు 4,25,000 ఘనపుటడుగుల నీరు నదిలో పారెనని పిమ్మట ఇంజనీర్లు లెక్కకట్టిరి.

సెప్టెంబరు 28వ తేదీ తెల్లవారకమున్నే నీరు వీధులలో ప్రవేశించెను. నిదురలో నున్నవారు నిదురలోనే పోయిరి. మేలుకొన్నవారు మేడలెక్కిరి, మేడలు కూలెను. కొందరు కోటగోడపై కెక్కిరి. నీటి యొత్తిడికి ఆ గోడయు విరిగెను. అఫ్జల్‌గంజు వంతెన, ముసల్లంజంగు వంతెన, చాదర్‌ఘాటు వంతెన దెబ్బతిని తెగిపోయినవి. 1578 లో కట్టిన పురానాపూల్ మాత్రము, తనపై నుండి నీరు పొర్లినను, నిలిచినది. అఫ్జల్‌గంజు వైద్యశాల నేలమట్టమైనది. ఆ యావరణమునందలి చింతచెట్టు కొమ్మలను పట్టుకొని సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణమున ఆ చెట్టు నేటికిని ఉన్నది.

అమ్జద్ అను యువకుని తల్లి, భార్య, కూతురు అతని కన్నుల యెదుటనే వరదలో కొట్టుకొనిపోయిరి. ఒంటరిగా మిగిలిన ఆ యువకుడు తరువాత ఉర్దూభాషలో గొప్ప కవియై, 1961 వరకు జీవించెను. అతనివలె కుటుంబములను పోగొట్టుకొన్నవారు, పేరు లేనివారు, వేలకు వేలు. మృతులు సుమారు 15,000 మంది యని సామాన్యముగా చెప్పుదురు. నగర ప్రజలలో నాలుగవవంతు మందికి తలదాచుకొన నీడ లేకపోయెను.

నీరు పట్టణమును ముంచుచుండగా పండితులు కొందరు ప్రభువునకు విన్నపము చేయగా, ఆయన ధోవతి కట్టి నదీతీరమునకు వెళ్లి, పసుపు కుంకుమలు, చీర, ముత్యములు మూసీకి సమర్పించి శాంతింపుమని వేడుకొనెనని హైదరాబాదు ప్రజలు చెప్పుకొందురు. ముసల్మాను ప్రభువు హిందూ ప్రజల యాచారమును గౌరవించెనను సంగతిని నగరము ఇష్టముతో జ్ఞాపకముంచుకొన్నది. అయితే నది తగ్గినది వాన తగ్గుట వలననే. ఆయన గొప్పతనము ఆ పూజలో కంటె, నీరు తీసిన మరుక్షణమునుండి చేసిన పనిలో కనబడును.

వరద తీసినపిమ్మటనే అసలు కష్టము మొదలగును. తడిసిన ధాన్యము కుళ్లును. బావులలో బురద నిండును. శవములను వెంటనే తొలగింపనిచో కలరా వ్యాపించును. వంటకు కట్టెయైనను ఎండినది దొరకదు. ధనము చేతనున్నవాడును ఆ దినములలో బీదవాడే. కొనుటకు అంగడి యుండిననే కదా! కావున బాధితునకు మొదట కావలసినవి నీడ, వండిన అన్నము, పొడిబట్ట. డబ్బు పంచుట ఆ తరువాతి మాట. ఈ క్రమము తెలియక డబ్బు సంచులతో వచ్చిన దాతలు వట్టి చేతులతో వచ్చినవారికంటె ఎక్కువ మేలు చేయజాలరు.

మహబూబ్ అలీ పాషా రాజప్రాసాదముల తలుపులు తెరిపించెను. సామాన్యులు సింహద్వారము దాటి యెన్నడును చూడని భవనములలో, బురదకాళ్లతో, పసిపిల్లలతో, మూటలతో జనులు చేరిరి. వంటశాలలు వెలసెను. ప్రభువు స్వయముగా పాడువడిన పేటలను చూచి కంటతడి పెట్టెనని చెప్పుదురు. దివాను మహారాజా కిషన్ పర్షాదు అధికారులను పనికి పురికొల్పెను. సహాయనిధి యేర్పడగా నిజాము విరివిగా ధనమిచ్చెను. జమీందారులు, షాహుకార్లు, ఉద్యోగులు తమ శక్తికొలది చందాలిచ్చిరి. శ్రీమతి సరోజినీనాయుడు అప్పటికి ముప్పదేండ్లు నిండని గృహిణి. ఆమె ఇతర స్త్రీలను కూడగట్టుకొని బాధితులకు పరిచర్య చేసెను. పరదాలచాటున నున్న స్త్రీల యొద్దకు పురుషులు పోజాలని కాలమది. ఆమెవంటివారు లేకున్నచో ఆ యిల్లాండ్రకు సహాయమందుట దుర్లభమయ్యెడిది.

ఇచ్చట ఒక సంగతి యోచింపదగినది. ప్రభువు పెట్టిన అన్నము ప్రభువు పండించినది కాదు. నేటి కామారెడ్డి జిల్లాలోని బాన్సువాడ మొదలు పాలమూరు వరకు, ఇంకను మరాట్వాడా వరకు, రైతులు శిస్తు రూపమున చెల్లించిన ధనమే ఖజానాలో చేరినది. అదే ఖజానా నుండి వజ్రమునకును వెచ్చము జరిగినది, వంటశాలకును జరిగినది. 1908 లో ఆ ధనము వంటశాలకు పోవుట ప్రజల యదృష్టము. ఏ చట్టమును ఆయనను నిర్బంధింపలేదు. ఆయన తలుపులు మూసికొని ఫలక్‌నుమా కొండపై కూర్చుండియున్నచో అడుగువారెవ్వరు?

ఈ లోపమునే నలువదేండ్ల తరువాత ఏర్పడిన జాతీయ సహాయనిధి కొంతవరకు తీర్చినది. దానిలో ఒకరి హృదయముపై ఆధారపడుట తక్కువ. ఎవ్వరెంత యిచ్చినను చేరును. కేరళలో వరద వచ్చినచో తెలుగు కూలి యిచ్చిన పది రూపాయలు అచ్చటి బాధితునకు చేరవచ్చును. వరదలు, తుపానులు, భూకంపములే గాక, పెద్ద ప్రమాదములందు మరణించినవారి కుటుంబములకును, గుండె శస్త్రచికిత్స వంటి ఖరీదైన వైద్యము చేయించుకొనలేని బీదలకును ఈ నిధి నుండి సహాయమిచ్చుట ఆచారమైనది. దీనికిచ్చిన విరాళముపై ఆదాయపు పన్ను మినహాయింపు కలదు. రాష్ట్రములందు ముఖ్యమంత్రి సహాయనిధులును ఇట్టివే. 1948 జనవరిలో ఈ నిధి పుట్టినప్పుడు హైదరాబాదు సంస్థానము భారతదేశమున చేరియే యుండలేదు. బాన్సువాడ, నిజామాబాదు ప్రజలు ఇంకను నిజాము ప్రజలే. ఆ సెప్టెంబరులో సంస్థానము విలీనమైన పిదపనే వారును ఆ నిధికి దాతలు, పాత్రులు నైరి. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన ముంచి వేలమందిని బలిగొన్నప్పుడు దేశమంతయు తెలుగువారికి చేయూత నిచ్చినది. 2025 ఆగస్టు చివర కామారెడ్డి జిల్లాలో కుండపోతగా వాన కురిసి, చెరువులు తెగి, రోడ్లును రైలుమార్గమును కోసుకొనిపోయినప్పుడు, 1908 నాటి మాటలను మరల చెప్పుకొనవలసివచ్చినది.

ఇక మహబూబ్ అలీ పాషా కథకు మరలుదము.

ఆకలి తీర్చి ఊరకున్నచో ఆయన దయాళువైన ప్రభువులలో ఒకడుగా మాత్రమే మిగిలియుండును. ఆయన ప్రభుత్వము మరియొక పని చేసినది. వరద ఏల వచ్చినది, మరల రాకుండ ఏమి చేయవలెను అని ప్రశ్నించినది. బొంబాయి ప్రభుత్వపు కొలువు నుండి అప్పుడే విరమించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఐరోపా యాత్రలో నుండగా, హైదరాబాదునుండి తంతివార్త ఇటలీలో ఆయనను చేరినది. ఆయన యాత్ర ముగించి, 1909 ఏప్రిలులో హైదరాబాదున పని చేపట్టెను. చెరువులు, వాగులు, వానలెక్కలు, పాత వరదల యానవాళ్లు అన్నియు పరిశీలించి, ఆరు నెలలు తిరుగకమున్నే, అక్టోబరులో నివేదిక సమర్పించెను. నదికి గట్లు కట్టిన చాలదనియు, నగరమునకు ఎగువన మూసీపై ఒకటి, ఈసీపై ఒకటి పెద్ద జలాశయములు నిర్మించి వరదనీటిని అచ్చటనే ఆపవలెననియు దాని సారము. ఆ నీరే నగరమునకు త్రాగునీరగుననియు ఆయన సూచించెను. ఊరిని ముంచిన నీటినే ఊరి దాహము తీర్చుటకు మళ్లించు ఉపాయమిది!

పని ప్రారంభము కాకమున్నే, 1911 ఆగస్టు 29వ తేదీన, మహబూబ్ అలీ ఖాన్ ఫలక్‌నుమా ప్రాసాదమున మరణించెను. ఆయన వయస్సప్పటికి 45 ఏండ్లే. చార్మినారు చెంత మక్కా మసీదు ఆవరణమున, పూర్వుల సమాధుల వరుసలో ఆయనను సమాధి చేసిరి. అచ్చట సమాధి పొందిన, రాజ్యమేలిన నిజాములలో కడపటివాడు ఆయనయే.

కుమారుడు ఉస్మాన్ అలీ ఖాన్ తండ్రి కాలమున తలపెట్టిన పనిని సాగించెను. మూసీపై జలాశయము 1920 లో పూర్తి యయ్యెను. ఈసీపైది 1927 లో పూర్తియయ్యెను. ఆ పనులలో అనుభవము గడించిన హైదరాబాదు ఇంజనీర్లు తరువాత బాన్సువాడకు సమీపమున మంజీరానదిపై నిజాంసాగరమును కట్టి 1931 నాటికి ముగించిరి. ఆ నిర్మాణమునకు నవాబు అలీ నవాజ్ జంగు సారథి. మూసీ జలాశయమునకు ఉస్మాన్‌సాగరమని ఆ ప్రభువు పేరును, ఈసీ జలాశయమునకు హిమాయత్‌సాగరమని ఆయన కుమారుని పేరును పెట్టిరి. విశ్వేశ్వరయ్యను పిలిపించిన ప్రభువు పేరు ఆ రెండు కట్టలలో దేనికిని లేదు.